ఓడినవాళ్లకే మొదటి పిలుపు: క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ డ్రాఫ్ట్ వెనక కథ

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు క్లీవ్‌లాండ్ అనగానే త్యాగరాజ ఆరాధనోత్సవాలు గుర్తొస్తాయి. 1978 నుంచి ఈస్టర్ రోజుల్లో ఆ ఊళ్లో పంచరత్న కీర్తనలు వినిపిస్తున్నాయి. ఇంచుమించు అదే వారాల్లో అక్కడ ఇంకో చర్చ కూడా జోరు మీద ఉంటుంది. ఈసారి డ్రాఫ్ట్‌లో ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బ్రౌన్స్ మొదటి రౌండ్‌లో ఎవర్ని తీసుకుంటుంది? బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాకా, అతన్ని కాపాడే లైన్‌మనా? పిక్ (ఎంచుకునే వంతు) వాడుకుంటుందా, ఇంకో టీమ్‌కి ఇచ్చేసి కిందికి దిగుతుందా? మంగలి షాపు నుంచి లోకల్ రేడియో దాకా ఇదే మాట. బయటివాళ్లకు ఇది పనిలేని ఊహాగానంలా కనిపించొచ్చు. ఆ ఊరి చరిత్ర తెలిస్తే అలా అనిపించదు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ మనకు అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ కొంచెం కొత్తగా ఉంటుంది. ఇందులో పాట పాడటం ఉండదు, వరస ఉంటుంది. కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువగా ఓడిన టీమ్‌కి మొదటి పిలుపు, కప్పు గెలిచిన టీమ్‌కి చివరి పిలుపు. కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లోని 32 టీమ్‌లు ఏడు రౌండ్లలో ఒక్కొక్కరిగా పంచుకుంటాయి.

ఈ పద్ధతి ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ఆలోచన. డబ్బున్న టీమ్‌లే మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోతుంటే తనలాంటివాళ్లు ఎప్పటికీ లేవలేరని 1935లో ఆయన తోటి యజమానులను ఒప్పించాడు. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో బోర్డు మీద 90 పేర్లు రాసి, తొమ్మిది టీమ్‌లు కూర్చుని ఎంచుకున్నాయి. మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్. అతను ఈ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. డ్రాఫ్ట్‌లో ఏదీ ఖాయం కాదని మొదటి రోజే తేలిపోయింది.

1980లో ఈఎస్‌పీఎన్ డ్రాఫ్ట్‌ను టీవీలో చూపించడం మొదలుపెట్టింది. 1984లో విశ్లేషకుడు మెల్ కైపర్ ఆ తెర మీదికి వచ్చాక ఎవరు ఎవర్ని తీసుకుంటారో ముందే చెప్పడం ఒక వృత్తి అయింది. ఆ జాబితాలనే మాక్ డ్రాఫ్ట్ అంటారు. 1990ల తొలినాళ్లలో డల్లాస్ కౌబాయ్స్ ఒక్కో పిక్‌కి మార్కులు వేసి పట్టిక తయారు చేసుకుంది. అందులో మొదటి పిక్‌కి 3000, పదహారోదానికి 1000, ముప్ఫై రెండోదానికి 590. పిక్‌లను రూపాయల్లా లెక్కపెట్టి మార్చుకోవడం అక్కడి నుంచి అందరికీ అలవాటైంది. ఫ్యాన్స్ కూడా ఆ లెక్కలు నేర్చుకున్నారు.

ఇక క్లీవ్‌లాండ్ సంగతి. 1957లో ఆ టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్ కావాలి. లెన్ డాసన్‌ను సరిగ్గా తమ ముందున్న పిట్స్‌బర్గ్ తీసుకెళ్లిపోయింది. ఆరో పిక్‌లో బ్రౌన్స్‌కి దక్కింది జిమ్ బ్రౌన్. ఆటలోనే అతి గొప్పవాళ్లలో ఒకడు. ఐదేళ్ల తర్వాత, జిమ్ బ్రౌన్ చదివిన సిరక్యూస్ యూనివర్సిటీ నుంచే వచ్చిన ఎర్నీ డేవిస్ కోసం బ్రౌన్స్ తమ ఆటగాడు బాబీ మిచెల్‌ను, దాంతోపాటు ఒక మొదటి రౌండ్ పిక్‌ను వాషింగ్టన్‌కి ఇచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు డేవిస్. జిమ్ బ్రౌన్, డేవిస్ ఇద్దరూ ఒకే టీమ్‌లో పరిగెడితే ఎలా ఉంటుందోనని ఊరంతా ఎదురుచూసింది. 1962 వేసవిలో అతనికి లుకేమియా అని తేలింది. ఒక రాత్రి స్టేడియంలో అతను యూనిఫామ్ వేసుకుని స్పాట్‌లైట్ వెలుగులో మైదానంలోకి వచ్చాడు, జనం హోరెత్తారు. అంతే. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 1963 మేలో, 23 ఏళ్ల వయసులో చనిపోయాడు. అతని 45 నంబరును బ్రౌన్స్ ఇంకెవరికీ ఇవ్వలేదు.

1985లో బెర్నీ కోసార్ వచ్చినప్పుడు మాత్రం పండగే. ఒహాయోలోని యంగ్స్‌టౌన్ పక్కన పెరిగిన కుర్రాడు, బ్రౌన్స్‌కే ఆడతానని పట్టుబట్టి చదువు తొందరగా ముగించాడు. మామూలు డ్రాఫ్ట్‌లో కాకుండా, తర్వాత విడిగా జరిగే అనుబంధ డ్రాఫ్ట్‌లో పేరు పెట్టించుకున్నాడు. అందులో మొదటి పిలుపు బఫెలోది. బ్రౌన్స్ ముందే దాన్ని కొనేసింది. సొంత ఊరి పిల్లాడు వచ్చి టీమ్‌ను నిలబెడతాడన్న నమ్మకం ఆ తరంలో అక్కడ బలపడింది. ఇప్పటికీ ఒహాయో కుర్రాడెవరైనా బాగా ఆడుతుంటే ఫ్యాన్స్ లిస్టులోకి ముందు అతని పేరే ఎక్కుతుంది.

నన్నడిగితే అసలు గాయం 1995లోది. ఆ నవంబర్‌లో యజమాని ఆర్ట్ మోడెల్ టీమ్‌ను బాల్టిమోర్‌కి తరలిస్తున్నానని ప్రకటించాడు. డిసెంబర్ 17న పాత స్టేడియంలో ఆఖరి మ్యాచ్. జనం కుర్చీలు పెకిలించి మైదానంలోకి విసిరారు. పేరు, రంగులు, రికార్డులు ఊరికే మిగిలాయి గానీ ఆటగాళ్లతో పాటు పిక్‌లు కూడా వెళ్లిపోయాయి. ఈ సంగతిని బయట పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఆ ఏడు బ్రౌన్స్ 11 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఓటములకు ఫలితంగా వచ్చిన నాలుగో పిక్‌తో 1996లో బాల్టిమోర్ జొనాథన్ ఆగ్డెన్‌ను తీసుకుంది. అంతకుముందు ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోతో చేసిన బేరంలో క్లీవ్‌లాండ్ సంపాదించిన 26వ పిక్‌తో రే లూయిస్‌ను తీసుకుంది. ఇద్దరూ ఆటలో గొప్పవాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. ఎంపిక చేసిన ఆజీ న్యూసమ్ కూడా ఒకప్పటి బ్రౌన్స్ ఆటగాడే. 2001 జనవరిలో బాల్టిమోర్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఓడింది క్లీవ్‌లాండ్, ఆ నొప్పికి దక్కాల్సిన ప్రతిఫలం తిన్నది వేరే ఊరు. అక్కడివాళ్లు డ్రాఫ్ట్‌ను ఇంత పట్టించుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

1999లో బ్రౌన్స్ కొత్త టీమ్‌గా తిరిగొచ్చింది. మొదటి పిక్ టిమ్ కౌచ్. సొంత మైదానంలో మొదటి మ్యాచ్ పిట్స్‌బర్గ్ చేతిలో 43-0. కౌచ్ ముందు నిలబడి కాపాడే లైన్ బలహీనం, కుర్రాడు దెబ్బలు తిని తిని అలిసిపోయాడు. క్లీవ్‌లాండ్ డౌన్‌టౌన్‌లో ఒక అద్దాల కిటికీలో చాలా ఏళ్లు ఒక జెర్సీ వేలాడింది. కౌచ్ 2 నంబరు జెర్సీ అది. అతని తర్వాత క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరి పేరూ టేపు మీద రాసి, పైపేరు కొట్టేసి కింద అంటించేవాళ్లు. పేర్లు నడుము దాటి అంచు దాకా దిగాయి. 2025కి ఆ లెక్క 40 దాటింది.

2007 డ్రాఫ్ట్ మాత్రం నాకు ఇష్టమైనది. ఒహాయోలోనే పెరిగిన క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ క్విన్ న్యూయార్క్‌లో సూట్ వేసుకుని కూర్చున్నాడు. మూడో పిక్‌లో అతని పేరు వస్తుందని చాలామంది ఆశ. బ్రౌన్స్ జో థామస్ అనే లైన్‌మన్‌ను పిలిచింది. ఆ సమయానికి థామస్ నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో పడవ మీద చేపలు పడుతున్నాడు. క్విన్ గంటల తరబడి కెమెరాల ముందు కూర్చోవాల్సి వచ్చింది. చివరికి మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను డల్లాస్‌కి ఇచ్చి బ్రౌన్సే అతన్ని 22వ పిక్‌లో తీసుకుంది. క్విన్ బ్రౌన్స్ తరఫున మొదలుపెట్టిన మ్యాచ్‌లు 12. థామస్ వరసగా 10,363 స్నాప్‌లు (బంతి అందుకుని మొదలయ్యే ఒక్కో ఎత్తు) ఒక్కటీ వదలకుండా ఆడాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అంతటివాడు ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

క్వార్టర్‌బ్యాక్ దొరికితే చాలు అన్న ఆరాటమే ఆ తర్వాత కూడా టీమ్‌ను తప్పుదారి పట్టించిందని నా అభిప్రాయం. 2012లో బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాంజియెల్, ఇద్దరూ 22వ పిక్‌లోనే వచ్చి వెళ్లిపోయారు. 2016లో రెండో పిక్‌ను ఫిలడెల్ఫియాకి, 2017లో పన్నెండోదాన్ని హ్యూస్టన్‌కి అమ్ముకుని పిక్‌లు పోగేసింది. ఆ 2017లో పదహారు మ్యాచ్‌లకి పదహారూ ఓడింది. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో వేలమంది ఫ్యాన్స్ స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో నడిచి నిరసన తెలిపారు. వరస ఓటముల వల్లే 2017లో మైల్స్ గారెట్, 2018లో బేకర్ మేఫీల్డ్ మొదటి పిక్‌లుగా వచ్చారు. 2021 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్‌ను వాళ్ల గడ్డ మీదే 48-37తో ఓడించిన రాత్రి క్లీవ్‌లాండ్‌లో చాలామందికి కన్నీళ్లు ఆగలేదంటే అర్థం చేసుకోవచ్చు.

ఏడాది తిరిగాక కథ మళ్లీ మారింది. 2017లో హ్యూస్టన్‌కి అమ్మిన ఆ పన్నెండో పిక్‌లో వెళ్లినవాడు డెషాన్ వాట్సన్. 2022లో అదే వాట్సన్ కోసం బ్రౌన్స్ మూడు మొదటి రౌండ్ పిక్‌లు, 23 కోట్ల డాలర్ల పూర్తి గ్యారంటీ కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటికి ఇరవైమందికి పైగా మహిళలు అతని మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో దావాలు వేశారు. అతను వాటిని ఖండించాడు, లీగ్ అతన్ని 11 మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. ఎన్నో ఏళ్లుగా టీమ్‌ను అంటిపెట్టుకున్న కొందరు అప్పుడే దూరం జరిగారు. 2022, 2023, 2024లో మొదటి రౌండ్ రోజున బ్రౌన్స్ వంతే రాలేదు. ఊహించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అందుకే 2024 సీజన్‌లో 3 గెలిచి 14 ఓడి, 2025లో రెండో పిక్ చేతికొచ్చేసరికి నెలల తరబడి టెన్షన్. ట్రావిస్ హంటర్ అన్నవాళ్లు ఉన్నారు, షెడూర్ సాండర్స్ అన్నవాళ్లు ఉన్నారు. టీమ్ ఆ పిక్‌ను జాక్సన్‌విల్‌కి ఇచ్చి ఐదుకి దిగింది, మేసన్ గ్రాహమ్‌ను తీసుకుంది. మొదటి రౌండ్‌లోనే పోతాడని ఎన్నో మాక్ డ్రాఫ్ట్‌లు చెప్పిన సాండర్స్ మూడో రోజు దాకా ఆగి, ఐదో రౌండ్‌లో 144వ పిక్‌గా అదే క్లీవ్‌లాండ్‌కి వచ్చాడు. ఆ బేరంలో బ్రౌన్స్‌కి దక్కినవాటిలో జాక్సన్‌విల్ 2026 మొదటి రౌండ్ పిక్ కూడా ఉంది. 2025 సీజన్‌లో జాక్సన్‌విల్ ఎన్ని ఓడితే ఆ పిక్ అంత ముందుకొచ్చేది. ఆ సెప్టెంబర్ నుంచి క్లీవ్‌లాండ్ ఫ్యాన్స్ ప్రతి ఆదివారం తమ స్కోరుతో పాటు జాక్సన్‌విల్ స్కోరు కూడా చూసుకోవడం మొదలుపెట్టారు.