మూసుకుపోకూడని దారి

కావలి

పిల్లకాయల్లారా,

మన వీధి పాప ఛాతీ మీద నిలువు గీత చూసి, "పసిబిడ్డకి గుండె ఆపరేషన్ ఎట్లా చేస్తారు అమ్మమ్మా?" అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం వినరు, అందుకే రాస్తున్నా.

పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అన్నిటికీ ఆపరేషన్ అక్కర్లేదు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే పూడిపోతాయి. ఆ పాపది అట్లాంటిది కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లాల్సిన నాళం, ఒళ్లంతటికీ వెళ్లాల్సిన నాళం తారుమారుగా పుట్టాయి. ఉదయగిరి బస్సు, కందుకూరు బస్సు స్టాండులో కలవకుండా వేరువేరుగా తిరుగుతుంటే మనం ఒకటి దిగి ఇంకోటి ఎట్లా ఎక్కుతాం? ఊపిరితిత్తుల్లో చేరిన ఆక్సిజన్ పరిస్థితీ అంతే. అది ఒంటికి అందదు, బిడ్డ నీలంగా మారిపోతుంది.

మరి ఆపరేషన్ దాకా ఎట్లా బతికింది? కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు పని ఉండదు కాబట్టి గుండెలో ఒకటి, ఆ రెండు నాళాల మధ్య ఒకటి, అడ్డదారులు తెరిచి ఉంటాయి. పుట్టాక మూసుకుపోతాయి. మనకది మంచిదే. ఆ పాపకు మాత్రం మంచి రక్తం, చెడు రక్తం కాస్తయినా కలిసేది ఆ దారుల్లోనే, అవి మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే నాళాల మధ్య దారి మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు డ్రిప్‌లో ఎక్కిస్తారు. ఈ మందుతో ఒక చిక్కుంది: కొందరు బిడ్డలు ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. అంబులెన్సులో పక్కన కూర్చున్న నర్సు బిడ్డ పొట్ట మీద నుంచి చూపు తిప్పకూడదు. నర్సుగా చేసినదాన్ని, ఆ టెన్షన్ నాకు తెలుసు.

అదీ చాలకపోతే తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం గుండెలోకి పంపి, దాని చివర బుడగ ఉబ్బించి, పై గదుల మధ్య రంధ్రంలోంచి ఒక్క లాగు లాగుతారు. రంధ్రం పెద్దదవుతుంది. 1966లో రాష్కిండ్ అనే అమెరికా డాక్టర్ చూపించిన పద్ధతి ఇది. గుండెకు చిల్లి పెద్దది చేసి బిడ్డను నిలబెట్టడం, చూడండి!

ఇక అసలు ఆపరేషన్. మూడు కిలోల బిడ్డ ఒంట్లో రక్తం పావు లీటరే. అందుకే గుండె, ఊపిరితిత్తుల పని చేసే మిషన్‌లో ముందే దాతల రక్తం కలుపుతారు. పొటాషియం ద్రావణంతో గుండెను ఆపి, రెండు నాళాలనూ కోసి, అటుదిటు ఇటుదటు మార్చి కుడతారు. అసలు కష్టం అది కాదు. గుండె కండకే రక్తమిచ్చే కరోనరీ నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. వాటిని చుట్టూ కాస్త గోడతో సహా బొత్తాంలాగా కత్తిరించి, కొత్త చోట కుట్టాలి. ఏ కాస్త మెలిపడినా కండకు రక్తం అందదు. భూతద్దాల కళ్లజోడు, వెంట్రుక కన్నా సన్నని దారం లేనిదే కుదరదు. దీన్ని మొదట 1975లో బ్రెజిల్‌లో జటేనే అనే సర్జన్ సాధించాడు.

మామూలుగా రెండు మూడు వారాల్లోపే చేసేయాలి. ఈ బిడ్డలకు ఎడమ గది ఊపిరితిత్తులకే రక్తం తోస్తుంటుంది, అది తేలిక పని. ఆలస్యమైతే దాని కండ పలచబడి, తర్వాత ఒళ్లంతటి బరువు మోయలేదు.

అందరూ సర్జన్ చేతిని మెచ్చుకుంటారు. నేనైతే పుట్టిన మర్నాడే బిడ్డ కుడిచేతికి, కాలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి చూసి, లోపాన్ని ముందే పసిగట్టే నర్సుకు ముందు దండం పెడతా. ఇంకో మేలు, 2021లో తిరుపతిలో టీటీడీ వాళ్లు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పెట్టారు. ఇంతకుముందులా అన్నిటికీ మద్రాసు పరిగెత్తే పని తప్పింది.

ఆ పాపను ఖోఖోలో చేర్చుకోవచ్చా అని కూడా అడిగారు. డాక్టర్ సరేనన్నారని వాళ్లమ్మ చెప్పింది, చేర్చుకోండి. ఆయాసమొస్తోందంటే మాత్రం కూర్చోనివ్వండి. పెద్దయ్యాక కూడా చెకప్‌లు మానకూడదు. ఈసారి ఎకో, అంటే గుండె స్కాన్, తీయించడానికి వెళ్లేది మీ పరీక్షల వారంలోనేనట, నోట్సు మీరే రాసిపెట్టండి.

మీ అమ్మమ్మ