ప్రశ్న అడిగాక మూడు సెకన్లు

టీచర్ ప్రశ్న అడిగారు. ముందు బెంచీలో ఇద్దరు అప్పటికే చెయ్యెత్తేశారు. ఒకరు జవాబు చెప్పారు, టీచర్ "గుడ్" అన్నారు, పాఠం ముందుకు వెళ్లిపోయింది. మిగతా పిల్లలు ఆలోచించడం మొదలుపెట్టేలోపే ప్రశ్న ముగిసిపోయింది.

అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో సరిగ్గా ఈ కాస్త సమయాన్నే కొలిచారు. తరగతి గదుల్లో చేసిన టేపు రికార్డింగులు ఎన్నో విని, 1970లలో ఫలితాలు ప్రచురించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకను! ఆలోగా జవాబు రాకపోతే ప్రశ్న మార్చేస్తారు, ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, చదువులో వెనకబడ్డవాళ్లూ నోరు విప్పారు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయడం కూడా పెరిగింది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. ప్రశ్న వేసే పిల్లవాడి మనసు పాఠంలోనే ఉన్నట్టు కదా.

శ్రద్ధ లేదని పిల్లల్ని తిట్టేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఒక్కో అంగ చొప్పున కదిలే గడియారం ముల్లు లాంటిదాన్ని చూస్తూ, అది ఎప్పుడో ఒకసారి రెండంగలు ఒకేసారి దూకితే గుర్తించాలి. అంతే పని. మొదటి అరగంటలోనే పొరపాట్లు పెరిగాయి. పెద్దవాళ్లకే అలా ఉంటే, కదలకుండా కూర్చుని వినడమే పనిగా ఉన్న పిల్లల సంగతి చెప్పాలా? చేయడానికేమీ లేకపోతే మనసు దారి తప్పుతుంది.

అందుకే పేరు పిలిచి ప్రశ్న అడగడం కంటే, ప్రశ్న అడిగి, ఆగి, ఆ తర్వాత పేరు పిలవడం మంచిది. ముందే పేరు చెప్తే మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ 1990లలో భౌతికశాస్త్రం పాఠం మధ్యలో ప్రశ్న ఇచ్చి, ప్రతి ఒక్కరూ సొంతంగా జవాబు ఎంచుకున్నాక పక్కవాళ్లతో వాదించుకోనిచ్చేవారు. అక్కడ తప్పించుకునే వీలుండదు.

ఇది హాయిగా మాత్రం ఉండదు. అదే విశ్వవిద్యాలయంలో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా తలబద్దలు కొట్టుకున్న విద్యార్థులు పరీక్షలో మెరుగ్గా చేశారు. కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లకు బాగా అర్థమైనట్టు అనిపించింది. అందుకే ఎందుకు ఆగుతున్నామో పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే ఆ నిశ్శబ్దం వాళ్లకు టెన్షన్‌గా ఉంటుంది.

రో చెప్పిన రెండో విరామం గురించి పెద్దగా మాట్లాడుకోం. జవాబు వచ్చాక కూడా వెంటనే "గుడ్" అనకుండా మూడు సెకన్లు ఆగాలి. చెప్పిన పిల్లవాడే "ఎందుకంటే..." అని ఇంకో వాక్యం కలుపుతాడు. ఒక్కోసారి వెనక బెంచీ నుంచి ఇంకెవరో అందుకుంటారు.