హైతీ పిల్లలు, ఆడవాళ్ళు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన నెల అట్లాంటా నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ చర్చివాళ్ళంతా కలిసి కరీబియన్ దేశం హైతీలో ఒక అనాథాశ్రమానికి నెలనెలా డబ్బు పంపాలనుకుంటున్నారట. "అక్కా, నువ్వు అక్కడ పనిచేశావు కదా, పంపమంటావా?" అని అడిగింది. గంటకు పైగా మాట్లాడుకున్నాం. పిల్లల రక్షణ పనిలో నాకు పదిహేనేళ్ళు దాటాయి. అందులో మూడేళ్ళు హైతీ దక్షిణ తీరంలో, జక్మెల్ చుట్టుపక్కలే గడిచాయి. ఆమె అడిగినవన్నీ నేను ఇంతకుముందు చాలామంది నోట విన్నవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: అక్కడ తల్లిదండ్రులు పిల్లల్ని అమ్ముకుంటారు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. కొండల మీది పల్లెల్లో ఉండే పేద కుటుంబం పిల్లనో పిల్లాడినో పట్నంలో కాస్త కలిగినవాళ్ళ ఇంట్లో పెడుతుంది. బిడ్డ ఇంటిపనిలో సాయం చేస్తుంది, వాళ్ళు తిండి పెట్టి బడికి పంపుతారు. మాట అలా అనుకుంటారు. తల్లికి మామూలుగా పైసా కూడా ముట్టదు. హైతీలో నూటికి ఎనభైకి పైగా బడులు ప్రైవేటువే, ఫీజు కట్టాల్సిందే. చాలా పల్లెల్లో అసలు బడే ఉండదు. బిడ్డకి నాలుగు అక్షరాలు వస్తాయన్న ఆశే ఆ తల్లిని అంత పని చేయిస్తుంది.

ఇలా వెళ్ళిన పిల్లల్ని "రెస్టవెక్" అంటారు. "దగ్గర ఉండు" అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అక్కడ అది తిట్టుతో సమానం కాబట్టి పిల్లల ముందు ఎప్పుడూ వాడకండి. మేము "ఒకరింట్లో ఉంటున్న పిల్లలు" అనేవాళ్ళం. వీళ్ళు లక్షన్నర నుంచి మూడు లక్షల మంది దాకా ఉంటారని ఎక్కువగా చెప్పే అంచనా. అందులో ఆడపిల్లలే ఎక్కువ.

జక్మెల్‌లో నేనున్న వీధిలో తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఉండేది. తెల్లవారకముందే పసుపు బకెట్ నెత్తిన పెట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చేది. ఆ ఇంటి కూతురిదీ అదే వయసు. ఇస్త్రీ చేసిన యూనిఫాం, జడలకి తెల్ల రిబ్బన్లు. ఆ కూతురి బడిసంచి ఈ పాపే మోసుకుంటూ గేటు దాకా వెళ్ళి, సంచి అందించి వెనక్కి వచ్చేసేది. ఒకసారి పల్లె నుంచి వాళ్ళమ్మ వచ్చింది, గోనెసంచిలో కందగడ్డలు మోసుకుని. "చదువుకుంటున్నావా?" అని అడిగింది. పాప ఇంటావిడ మొహం వైపు ఒకసారి చూసి "ఊఁ" అంది. ఆ తల్లికి ఏమీ తెలియకపోవడాన్ని ఆ రోజు నా కళ్ళారా చూశాను.

2003లో పిల్లల మీద హింసను నిషేధించే చట్టం వచ్చింది, 2014లో మనుషుల అక్రమ రవాణా మీద ఇంకొకటి. చట్టం ఉండటం మంచిదే. కానీ ఆ పాప లాంటివాళ్ళు ఇల్లు చేరింది మాత్రం ఊరివాళ్ళ వల్ల. జక్మెల్‌లో లిమ్యే లావీ అనే హైతీ సంస్థ ఏళ్ళ తరబడి ఈ పని చేస్తోంది. చిన్నప్పుడు అలా ఒకరింట్లో ఉండి పెద్దయినవాళ్ళు ఊళ్ళో మీటింగుల్లో లేచి తాము పడింది చెబుతారు. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, దేనికి దెబ్బలు తిన్నారు, అన్నీ. అది విన్న తల్లులకి ఆ రాత్రి నిద్ర పట్టదు. తరవాత ఊరి కమిటీవాళ్ళు తోడు రాగా వెళ్ళి బిడ్డని తెచ్చుకుంటారు. వయసు మీరిన పిల్లలకి రెండేళ్ళ చదువు ఒక్క ఏడాదిలో చెప్పే తరగతులు ఉంటాయి. పనిలో ఉన్న పిల్లల్ని బడికి సిద్ధం చేయడానికి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ నడిపిన బ్రిడ్జి క్యాంపులు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది.

అపోహ: అనాథాశ్రమంలో ఉంటే కనీసం భద్రంగా ఉంటారు.

హైతీలో దాదాపు 30,000 మంది పిల్లలు ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్నారని అంచనా. వాళ్ళలో నూటికి ఎనభై మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2010 జనవరి భూకంపం అయిన కొద్దిరోజులకే అమెరికా నుంచి వచ్చిన పదిమంది చర్చి కార్యకర్తలు 33 మంది పిల్లల్ని బస్సులో సరిహద్దు దాటించి డొమినికన్ రిపబ్లిక్‌కి తీసుకెళ్ళబోతూ పట్టుబడ్డారు. ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు ఉన్నారని తేలింది. డబ్బు ఆశ్రమానికే వెళ్తుంటే, పిల్లలు కూడా అక్కడికే చేరతారు. అదే డబ్బు బడి ఫీజు రూపంలో ఇంటికి వెళ్తే చాలామంది గడప దాటరు.

అపోహ: హైతీ ఆడవాళ్ళు నోరెత్తరు, బయటినుంచి ఎవరో వచ్చి కాపాడాలి.

1986 ఏప్రిల్ 3న, డువాలియే నియంతృత్వం కూలిన రెండు నెలలకి, వేలమంది ఆడవాళ్ళు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ వీధుల్లోకి వచ్చారు. ఆ తేదీని ఇప్పటికీ హైతీ మహిళా ఉద్యమ దినంగా జరుపుకుంటారు. కే ఫామ్ అనే మహిళా సంఘం అంతకు ముందే, 1984లో పుట్టింది. సోఫా అనే ఇంకో మహిళా సంఘం 1986లో. 2005 దాకా అక్కడి చట్టం అత్యాచారాన్ని "పరువు"కి సంబంధించిన నేరంగా చూసేది. దాన్ని మనిషి శరీరం మీద జరిగిన నేరంగా మార్పించింది ఈ ఆడవాళ్ళ పోరాటమే. ఉద్యమాన్ని నిలబెట్టిన మగాలీ మార్సెలాఁ, మిరియం మెర్లే, ఆన్ మరీ కొరియోలాఁ ముగ్గురూ 2010 భూకంపంలోనే చనిపోయారు. ఆ లోటు ఎంతటిదో నేను అక్కడికి వెళ్ళేనాటికి కూడా ప్రతి మీటింగులో తెలిసేది.

ఆ ముగ్గురూ పోయినా పని ఆగలేదు. కొఫావీవ్ అనే సంఘాన్ని అత్యాచార బాధితుల కోసం బాధిత మహిళలే 2004లో పెట్టుకున్నారు. భూకంపం తరవాత లక్షలమంది టార్పాలిన్ డేరాల్లో ఉన్నారు. లైట్లు లేవు, మరుగుదొడ్లు దూరం. ఈ సంఘం ఆడవాళ్ళు తామూ డేరాల్లోనే ఉంటూ ఈలలు, టార్చిలైట్లు పంచారు, మగవాళ్ళని కూడగట్టి రాత్రి గస్తీ పెట్టించారు. ఈల వినబడితే చుట్టుపక్కలవాళ్ళు పరుగున రావాలి. వాళ్ళు, వాళ్ళ లాయర్లు కలిసి అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళారు. 2010 డిసెంబరులో కమిషన్ ప్రభుత్వానికి చెప్పిన చర్యల్లో వీధి దీపాలు, మహిళా పోలీసులు, వైద్యం ఉన్నాయి. శిబిరాల గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఈ సంఘాలని కూర్చోబెట్టుకోవాలనీ ఉంది.

అపోహ: దాడి జరిగితే ముందు పోలీసు కంప్లయింట్, తరవాతే ఆసుపత్రి.

ఈ ఒక్కటీ ఏ దేశంలో ఉన్నవాళ్ళయినా గుర్తుపెట్టుకోండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా ఇచ్చే మాత్రలకి ఐదు రోజుల గడువు ఉంటుంది. కేసు పెట్టాలా వద్దా అనేది ఆమె తరవాతైనా ఆలోచించుకోవచ్చు. "సరిహద్దులు లేని వైద్యులు" (ఎం.ఎస్.ఎఫ్.) అనే అంతర్జాతీయ వైద్య సంస్థవాళ్ళు 2015లో పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో "ప్రాన్ మెన్'మ్", అంటే "నా చెయ్యి పట్టుకో" అనే ఆసుపత్రి తెరిచారు. అలాంటి చోటికి బాధితురాలిని తోడుండి తీసుకెళ్ళే ఆడవాళ్ళు ప్రతి పేటలోనూ ఉండేవాళ్ళు. నాకు తెలిసిన ఒకావిడ సంచిలో ఎప్పుడూ ఒక లంగా, నీళ్ళ సీసా, సబ్బు ఉండేవి. ఒంటిమీది బట్టలు సాక్ష్యంగా తీసుకుంటారు, బాధితురాలు ఇంటికి ఏం కట్టుకుని వెళ్తుంది? అందుకు లంగా. సబ్బు పరీక్ష అయ్యాకే తీసేది. ఇవేవీ నా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

అపోహ: ఐక్యరాజ్య సమితి శాంతి సైనికులు, విదేశీ సంస్థలు వస్తే పిల్లలకి భయం ఉండదు.

2004 నుంచి 2007 మధ్య శ్రీలంక నుంచి వచ్చిన కనీసం 134 మంది శాంతి సైనికులు పిల్లల్ని లైంగికంగా వాడుకున్నారని ఐక్యరాజ్య సమితి దర్యాప్తులోనే తేలింది. 114 మందిని వెనక్కి పంపారు. ఒక్కరూ జైలుకి వెళ్ళలేదు. ఎవరు వచ్చినా, నాతో సహా, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం అందుకే.

అపోహ: ముఠాల్లో తిరిగే కుర్రాళ్ళు పుట్టు నేరస్తులు.

హైతీ సాయుధ ముఠాల్లో సగం దాకా పిల్లలే ఉండొచ్చని 2024లో యూనిసెఫ్ చెప్పింది. ఒక్క ఏడాదిలో పిల్లల చేరిక 70 శాతం పెరిగిందట. పది లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి పారిపోయారు, అందులో సగానికి పైగా పిల్లలు. బడి మూతపడి, ఇంట్లో పొయ్యి వెలగకపోతే పన్నెండేళ్ళ పిల్లాడు ఎవరు అన్నం పెడితే వాళ్ళ వెంట వెళ్తాడు. ఆడపిల్లల్నయితే బలవంతంగా లాక్కెళ్తారు. వీళ్ళని నేరస్తులుగా చూస్తే తిరిగి రావాలనుకున్నవాళ్ళకి దారి మూసేసినట్టే.

అట్లాంటా చెల్లెలు నిన్న మెసేజ్ పెట్టింది. పిల్లల్లో ఎంతమందికి తల్లిగానీ తండ్రిగానీ ఉన్నారని ఆశ్రమంవాళ్ళని అడిగారట. ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మందికి ఉన్నారని జవాబొచ్చింది. ఆ పంతొమ్మిది మందివీ ఏయే ఊళ్ళో, అక్కడ బడి ఫీజు ఏడాదికి ఎంతో కనుక్కోమని చెప్పాను.