గుల్లలో మిగిలిపోయిన ఖాళీ

రివాల్వర్ తూటాలను ఇంట్లో నింపుకునేవాళ్లు ఎక్కువగా భయపడేది డబుల్ ఛార్జ్‌కి. పరధ్యానంలో ఒకే గుల్లలో, అంటే తూటా లోహపు గొట్టంలో, రెండుసార్లు తుపాకీ మందు పోయడం అన్నమాట. నిజానికి ఈ ముప్పు నూట ముప్పై ఏళ్ల నాటిది.

1873లో వచ్చిన .45 కోల్ట్ తూటాలో పోసింది బ్లాక్ పౌడర్ అనే పాతరకం నల్లమందు, 40 గ్రెయిన్లు. అంటే సుమారు 2.6 గ్రాములు. దాంతో గుల్ల దాదాపు నిండిపోయేది. రెండోసారి పోస్తే ఒలికి బల్ల మీద పడేది, పొరపాటు అక్కడే బయటపడేది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగ రాని మందు తయారుచేశాడు. ఇది కాస్త వేస్తే చాలు. మందు మారినా గుల్లల కొలతలు మాత్రం పాతవే, ఉన్న తుపాకులకు సరిపోవాలి కదా! గురి సాధన కోసం తక్కువ మందు పోసిన .38 స్పెషల్ గుల్లలోకి తొంగి చూస్తే, అడుగున చిటికెడు పొడి, పైనంతా ఖాళీ. ఇంకో మోతాదు పడినా ఒలకదు. బుల్లెట్ బిగించాక బయటికి ఏ తేడా కనిపించదు. పేలిస్తే తూటాలుండే సిలిండర్ గోడ చీలిపోవచ్చు, దాని పైనున్న ఫ్రేమ్ పట్టీ ఎగిరిపోవచ్చు.

అసలు మందే పడకపోతే? మందును అంటించే ప్రైమర్ ఒక్కటే పేలి, 'టప్'మని చిన్న చప్పుడుతో బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. ఆటోమేటిక్ పిస్టల్ అయితే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. రివాల్వర్ ఆగదు. ట్రిగ్గర్ నొక్కగానే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా సిద్ధమవుతుంది. అది ముందున్నదాన్ని ఢీకొంటే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఇరుక్కుని సిలిండర్ బిగుసుకుపోతే, నన్నడిగితే అది అదృష్టమే.

ఇక కావాలని ఎక్కువ పోసేవాళ్ల కథ వేరు. 1920లలో అమెరికాలో తుపాకుల గురించి రాసే ఎల్మర్ కీత్ తాను నింపిన తూటాలతో .45 కోల్ట్ రివాల్వర్‌ను బద్దలు చేసుకున్నాడు. తర్వాత, సిలిండర్ గోడలు మందంగా ఉంటాయని .44 స్పెషల్‌కి మారాడు. 1935లో .38 కంటే శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటా వచ్చినప్పుడు, పాత .38 రివాల్వర్లలో దూరకుండా గుల్లను మూడు మిల్లీమీటర్లకు పైగా పొడిగించారు. కంపెనీ తూటాకు ఆ అడ్డు పనిచేస్తుంది. ఇంట్లో .38 గుల్లలోనే మాగ్నమ్ మోతాదు పోసేవాడికి మాత్రం అడ్డేముంది?

అందుకే అనుభవమున్నవాళ్లు బుల్లెట్లు బిగించే ముందు గుల్లలన్నీ వరసగా నిలబెట్టి, టార్చ్ వేసి ఒక్కోదానిలోకి చూస్తారు. మందు కూడా వీలైతే ఎక్కువ చోటు తీసుకునే రకమే ఎంచుకుంటారు, రెండోసారి పోస్తే ఒలికిపోయేలా.