హోంవర్క్ ఎగ్గొట్టే పిల్లలు: టీచర్ల అపోహలు - వాస్తవాలు

అపోహ: చేయనివాళ్లంతా సోమరులు.

వాస్తవం: సోమరి అని ముద్ర వేశాక ఇక కారణం వెతకం. చిక్కు అక్కడే. చేయని హోంవర్క్ సాధారణంగా ఈ ఐదింటిలో ఎక్కడో ఆగి ఉంటుంది: అసలు రాసుకోలేదు, మొదటి లెక్కే రాలేదు, ఇంట్లో కూర్చునే చోటో సమయమో దొరకలేదు, తప్పు రాస్తే నవ్వుతారని జంకారు, కిందటి వారం చేసింది ఎవరూ చూడలేదు కాబట్టి ఈ వారం మానేశారు. నాలుగోదాన్ని మనం తరచూ పోల్చుకోలేం. ‘రాదు’ అనిపించుకోవడం కన్నా ‘చేయలేదు’ అనిపించుకోవడమే పిల్లలకు పరువుగా తోస్తుంది.

ఆనవాళ్లు నోట్‌బుక్‌లోనే ఉంటాయి. సగంలో ఆగిన లెక్క అంటే ఆ మెట్టు అర్థం కాలేదని. చెరిపి చెరిపి చిరిగిన కాగితం వెనక భయం ఉంటుంది. నలుగురి పుస్తకాల్లో అచ్చం ఒకే తప్పు కనిపిస్తే కాపీ అన్నమాట. అదీ చాలాసార్లు ‘రాదు’ అన్న సంగతినే చెబుతుంది. పేజీ పూర్తిగా ఖాళీగా ఉంటేనే అడిగి తెలుసుకోవాలి. అందరి ముందు నిలబెట్టి ‘ఎందుకు చేయలేదు?’ అంటే ‘మర్చిపోయాను’ తప్ప ఇంకో జవాబు రాదు. పక్కకు పిలిచి ‘ఎక్కడిదాకా వచ్చింది? ఎక్కడ ఆగింది?’ అని అడగండి.

సగం జబ్బు హోంవర్క్ ఇచ్చే తీరులోనే ఉంది. గంట కొట్టాక, బ్యాగులు సర్దుకునే హడావుడిలో చెప్పింది ఎవరి చెవికీ ఎక్కదు. పీరియడ్ అయిపోవడానికి 8 నిమిషాల ముందే బోర్డు మీద రాసి, మొదటి ప్రశ్న అక్కడే మొదలుపెట్టించండి. ఎవరికి రాదో మీ కళ్లముందే తెలిసిపోతుంది.

అపోహ: ఎంత ఎక్కువిస్తే అంత బాగా నేర్చుకుంటారు.

వాస్తవం: హోంవర్క్ మీద వచ్చిన అధ్యయనాలను అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం సమీక్షించి 2006లో ప్రచురించింది. అందులో, హోంవర్క్‌కూ చదువు ఫలితాలకూ ఉన్న సంబంధం పైతరగతుల్లో స్పష్టంగా, ప్రాథమిక తరగతుల్లో నామమాత్రంగా కనిపించింది. బాగా వాడుకలో ఉన్న కొలత, రోజుకు ఒక్కో తరగతికి 10 నిమిషాల చొప్పున పెంచడం. ఆరో తరగతికి 60 నిమిషాలు, అదీ అన్ని సబ్జెక్టులకూ కలిపి. ఐదుగురు టీచర్లు ఎవరికివారు 25 నిమిషాల పని ఇస్తే 125 అవుతుంది. స్టాఫ్‌రూమ్‌లో ఒక చార్టు పెట్టి, రోజుకు రెండు సబ్జెక్టులకు మించకుండా పంచుకుంటే ఈ పోగు తగ్గుతుంది.

అపోహ: సున్నా వేస్తే దారికొస్తారు.

వాస్తవం: నాలుగు పనుల్లో 80 చొప్పున తెచ్చుకున్న పిల్లకు ఐదోదాంట్లో సున్నా వేస్తే సగటు 64కు పడిపోతుంది. ఆ అంకె ఆమెకు ఎంత వచ్చో చెప్పదు. పైగా సున్నాతో పని ముగిసిపోయినట్టే, ఇక చేయక్కర్లేదు. చేయనిదానికి ఫలితం దాన్ని చేయడమే కావాలి. ‘అసంపూర్తి’ అని రాసుకుని, రెండు రోజుల్లోగా బడివేళల్లోనే 15 నిమిషాలు కూర్చోబెట్టండి. పేరుకుపోయిన పది పేజీలూ అడగకండి. వాటిలో ముఖ్యమైన మూడు ప్రశ్నలు చాలు.

అపోహ: వందసార్లు రాయిస్తే బుద్ధొస్తుంది.

వాస్తవం: రాతంటే అసహ్యం పుడుతుంది. అంతకుమించి ఏమీ రాదు.

అపోహ: ప్రతి పుస్తకాన్నీ రోజూ దిద్దాల్సిందే.

వాస్తవం: 40 పుస్తకాలు, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం రెండు గంటలు. ఎవరూ నిలబెట్టుకోలేని నియమం ఇది. నిలబెట్టుకోలేనప్పుడు ‘ఎవరూ చూడరు’ అని పిల్లలు ఇట్టే పసిగడతారు. క్లాసు మొదట్లో 5 నిమిషాలు వరుసల మధ్య తిరిగి చేశారో లేదో చూడండి. రోజుకు 8 పుస్తకాలే తీసుకుంటే ఐదు రోజుల్లో అందరివీ వస్తాయి. వాటిలో మార్కు వద్దు, ఒక్క వాక్యం రాయండి. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలకు ఆసక్తి నిలిచింది. పక్కన మార్కు కూడా ఉంటే ఆ మేలు కనిపించలేదు. ‘బాగుంది’ లాంటివి వ్యాఖ్యలు కావు. ‘రెండో మెట్టులో గుర్తు మారింది, మళ్లీ చూడు’ అనేది వ్యాఖ్య.

అపోహ: ఇంటికి కబురు పెడితే సరిపోతుంది.

వాస్తవం: ‘మీవాడు చేయడం లేదు’ అన్న కబురుతో పిల్లలకు తిట్లే దక్కుతాయి. చేయాల్సిన పని ఫలానా అని చెప్పండి: రోజూ ఒకే వేళకు 20 నిమిషాలు కూర్చోబెట్టాలి, జవాబులు చెప్పకూడదు, రానిచోట పెన్సిల్‌తో గీత గీయించి పంపాలి. ఆ గీత ఉన్న పుస్తకాన్ని చేసినట్టే లెక్కించి, మర్నాటి పాఠం అక్కడినుంచే ఎత్తుకోండి.