సగటు వేగం కెమెరాలు: నన్ను అందరూ అడిగే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

తిరుపతిలో పెరిగినవాళ్లకి సగటు వేగం లెక్క ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మా నాన్న కొండకి జీపు తోలేవాడు. ఘాట్ రోడ్డు మొదట్లో టైం వేసిన చీటీ ఇచ్చేవాళ్లు, చివర్లో దాన్ని చూసేవాళ్లు. ఇంత సమయం కంటే ముందే చేరితే జరిమానా. తొందరపడి దిగినవాళ్లు గేటుకి కాస్త ముందు బండి పక్కకి తీసి, వాచీ చూసుకుంటూ నిలబడేవాళ్లు. నాన్న ఎప్పుడూ అక్కడ ఆగలేదు. "ఆడ ఆగాల్సొచ్చిందంటే మలుపుల్లో తప్పు చేసినట్టే కదరా" అనేవాడు.

ఇప్పుడు నేను స్కాట్లండ్‌లో రోడ్డు భద్రత ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆ చీటీ పనినే ఇక్కడ కెమెరాలు చేస్తున్నాయి. మొదటి కెమెరా నంబర్ ప్లేట్ చదివి టైం రాసుకుంటుంది. కొన్ని మైళ్ల తర్వాత రెండోది అదే ప్లేట్ మళ్లీ చదువుతుంది. మధ్య దూరం ముందే కొలిచి ఉంటుంది. దూరాన్ని సమయంతో భాగిస్తే సగటు వేగం వచ్చేస్తుంది. ఇంత సులువైన లెక్క చుట్టూ ఎన్ని కథలు అల్లుకున్నాయో! పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఇండియా నుంచి వచ్చే ఫోన్లలో పదే పదే వినేవాటికి ఒక్కచోట జవాబు రాస్తున్నాను.

అపోహ: కెమెరా కనిపించినప్పుడు బ్రేకు వేస్తే చాలు.

ఒక్కచోటే వేగం కొలిచే పాతకాలం ఒంటి కెమెరాకి ఈ ఉపాయం పనిచేసేది. అందుకే దాని దగ్గర అందరూ గబుక్కున బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు. వెనక వచ్చేవాడికి అదే గండం. సగటు కెమెరా దగ్గర ఆ క్షణంలో మీ వేగం ఎంతన్నది లెక్కలోకే రాదు.

అంకెల్లో చూడండి. పది మైళ్ల దూరం, పరిమితి గంటకు 60 మైళ్లు. సరిగ్గా నడిపితే పది నిమిషాలు. మొదటి అయిదు మైళ్లు 80లో లాగించారనుకుందాం. 3 నిమిషాల 45 సెకన్లు అయిపోయాయి. ఇక మిగిలిన అయిదు మైళ్లకి 6 నిమిషాల 15 సెకన్లు తీసుకోవాలి, అంటే 48లో పోవాలి. ఆఖరికి చేరేది అదే పది నిమిషాలకి. 80లో ఉన్న ఆ కాసేపు మాత్రం బండిలో ఉన్న శక్తి 60లో ఉన్నదానికి దాదాపు 1.8 రెట్లు. గుద్దుకుంటే ఒంటి మీద పడేది ఆ శక్తే.

అపోహ: లేన్ మారితే దొరకం.

మా పిన్ని కొడుకు ఎడిన్‌బరోకి చదువుకోడానికి వచ్చిన మూడో వారంలోనే ఫోన్ చేశాడు. "అన్నా, రెండు కెమెరాల మధ్య లేన్ మారితే మిషన్‌కి దొరకమంట కదా? రూమ్మేట్ చెప్పాడు." ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. మొదటి తరం పరికరాలకి ఒక లేన్‌లోని కెమెరాని అదే లేన్‌లోని మరో కెమెరాతో జత కలిపే అనుమతే ఉండేది. అప్పట్లో లేన్ మారి తప్పించుకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. ఆ పరిమితి పోయి చాలా ఏళ్లయింది. కథ మాత్రం ఒక రూమ్మేట్ నుంచి ఇంకో రూమ్మేట్‌కి అందుతూనే ఉంది. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను: తప్పించుకోవడానికి అటూ ఇటూ లేన్లు మారడం అతివేగానికి తోడు ఇంకో ప్రమాదం.

అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పాను, కొత్తగా వచ్చిన మన పిల్లలందరికీ అవసరమైనది. ఇక్కడ అతివేగానికి కనీసం 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 3 తప్పు పాయింట్లు. బ్రిటిష్ లైసెన్స్ వచ్చిన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. అంటే ఇలాంటి రెండు నోటీసు ఉత్తరాలు చాలు. ఉత్తరం బండి ఎవరి పేరున ఉంటే వాళ్లకి వస్తుంది. ఎవరు నడిపారో 28 రోజుల్లో రాసి పంపాలి. పంపకపోతే ఆ తప్పుకే విడిగా 6 పాయింట్లు. స్నేహితుడి బండి తీసుకుని ఊర్లు తిరిగినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

అపోహ: ఇదంతా డబ్బు దండుకోవడానికే.

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. 2000 నుంచి 2007 వరకు జరిమానాల్లో కొంత భాగాన్ని కెమెరాల ఖర్చుకే తిరిగి వాడుకునే పద్ధతి బ్రిటన్‌లో ఉండేది. అనుమానం అప్పుడే నాటుకుంది. ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు జరిమానా ఖజానాకి పోతుంది, కెమెరా పెట్టిన శాఖకి కాదు.

పైగా సగటు కెమెరాతో ఆదాయం రావడం కష్టం. పసుపు స్తంభాలు, ముందే బోర్డులు, ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని తెలియడం, వీటన్నిటి వల్ల జనం వేగం తగ్గించేస్తారు. స్కాట్లండ్‌లో పెర్త్ నుంచి ఇన్వర్నెస్ వైపు పోయే ఏ9 రోడ్డు మీద 2014 అక్టోబర్ 28న కెమెరాలు మొదలయ్యాయి. అంతకు ముందు మూడు బండ్లలో ఒకటి పరిమితి దాటేది, తర్వాత పదిహేనింటిలో ఒకటికి దిగింది. డబ్బే కావాలంటే ఎవరైనా చెట్టు చాటున ఒంటి కెమెరా పెట్టుకుంటారు గానీ, వందల గజాల ముందునుంచే కనిపించే స్తంభాలు పాతరు.

అపోహ: ప్రాణాలు దక్కుతాయన్నది ఊరికే చెప్పే మాట. ప్రమాదాలు వాటంతట అవే తగ్గుతాయి.

ఈ అభ్యంతరంలో సగం నిజం ఉంది. దీన్ని తీసిపారేసేవాళ్ల లెక్కల్ని నేనూ నమ్మను. ఒక రోడ్డు మీద ఒక ఏడాది పెద్ద ప్రమాదాలు వరుసగా జరిగాయనుకోండి. గగ్గోలు పుడుతుంది, కెమెరా పెడతారు. మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గుతాయి. కెమెరా పెట్టకపోయినా కొంత తగ్గేవే, ఎందుకంటే మరీ చెడ్డ ఏడాది తర్వాత మామూలు ఏడాది రావడం సహజం. దానికి తోడు కార్లు మెరుగవుతున్నాయి కాబట్టి దేశమంతటా ప్రమాదాలు ఏటా కొంత తగ్గుతూ ఉండొచ్చు. "ముందు ఇన్ని, తర్వాత ఇన్ని" అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించే రిపోర్టు నా బల్ల మీదికి వస్తే మొదట అడిగేది ఒకటే: ఎన్నేళ్ల డేటా తీసుకున్నారు, పోల్చడానికి కెమెరాలు లేని రోడ్లు ఏవి?

ఆ జాగ్రత్తలు తీసుకున్న పరిశోధనల్లో కూడా ఫలితం బలంగానే నిలబడింది. బ్రిటన్‌లో రోడ్డు రవాణా మీద పరిశోధన చేసే ఆర్ఏసీ ఫౌండేషన్ 2016లో ప్రచురించిన అధ్యయనం 2015 వరకు పెట్టిన శాశ్వత సగటు కెమెరా మార్గాలను పరిశీలించింది. సాధారణ తగ్గుదలని పక్కన పెట్టాక కూడా మరణాలు, తీవ్ర గాయాలు అయ్యే ప్రమాదాలు 36.4 శాతం తగ్గాయి. గాయాలైన అన్ని ప్రమాదాలూ కలిపితే తగ్గింది దాదాపు 16 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడాని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గుద్దుకోవడాలు ఇంకా జరుగుతున్నాయి. కాకపోతే వాటిలోంచి మనుషులు లేచి నడిచి వస్తున్నారు.

నార్వే పరిశోధకురాలు అలేనా హోయె 2014లో పలు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, సగటు కెమెరాలతో ప్రమాదాలు సుమారు 30 శాతం, మరణాలు, తీవ్ర గాయాల ప్రమాదాలు 56 శాతం తగ్గినట్టు తేలింది. ఒంటి కెమెరాలకి ప్రమాదాల తగ్గుదల 20 శాతమే వచ్చింది. ఇటలీలో నేపుల్స్ వైపున్న ఏ1 మోటర్‌వే మీద జరిగిన అధ్యయనంలోనూ తగ్గుదల దాదాపు 31 శాతం. వేర్వేరు దేశాలు, వేర్వేరు రోడ్లు, ఇంచుమించు ఒకే మాట.

కారణం గరిష్ఠ వేగం తగ్గడం ఒక్కటే కాదు. ఒకడు 50లో, ఇంకొకడు 85లో పోయే రోడ్డు మీద క్షణక్షణం ఓవర్‌టేకులు, బ్రేకులు. అందరూ 58-62 మధ్యలో ఉంటే ఆ అవసరమే తగ్గిపోతుంది.

అపోహ: కళ్లు రోడ్డు మీద కాకుండా స్పీడోమీటర్ మీదే ఉంటాయి. బండ్లు గుంపుగా పోయి కొత్త ప్రమాదాలు వస్తాయి.

ఏ9 మీద కెమెరాలు వద్దని పెద్ద ఉద్యమమే నడిచింది. వాళ్లది మొండితనం అని నేను అనను. ఆ రోడ్డు మీద అసలు చిరాకు లారీలతో. మధ్యలో డివైడర్ లేని ఒంటి రోడ్డు మీద పెద్ద లారీల పరిమితి అప్పట్లో 40. వెనక ఇరవై కార్లు. వాటిలో ఏదో ఒకటి తెగించి ఎదుటి లేన్‌లోకి దూకేది. కెమెరాలు పెట్టిన రోజునే ప్రయోగాత్మకంగా ఆ లారీల పరిమితిని 50 చేశారు. ఒక చేత్తో కార్ల వేగం దించి, ఇంకో చేత్తో లారీల వేగం పెంచి, రెండిటి వేగాల మధ్య తేడా తగ్గించారన్నమాట. ఈ విషయం చెప్పకుండా ఏ9 ఫలితాన్ని మొత్తం కెమెరా ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఇక చూపు సంగతి. మీ స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నిబంధన. కాబట్టి దాదాపు అన్ని కార్లూ కాస్త ఎక్కువే చూపిస్తాయి. ముల్లు 60 మీద ఉంటే నిజంగా 57-58 ఉండొచ్చు. పైగా సగటు లెక్క కాబట్టి దిగుడులో ఒక్క క్షణం 63కి పోయినా కొంప మునగదు. ఒంటి కెమెరా కంటే ఇదే దయగలది. గుంపుగా పోవడం మాత్రం నిజమైన సమస్యే. ముందు బండికి అతుక్కుని పోయేవాణ్ణి ఈ కెమెరా ఏమీ చేయలేదు. 60 మైళ్ల వేగంలో ఆగడానికి 73 మీటర్లు కావాలని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చెబుతుంది. ఆ ఖాళీ మీరే ఉంచుకోవాలి.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఏ9 మీదుగా ఇన్వర్నెస్ తీసుకెళ్లాను. డన్‌బ్లేన్ దాటి మొదటి పసుపు స్తంభం చూపించి ఇదే నా పని అన్నాను. కాసేపు చూసి, "చీటీ ఎవరిస్తారు?" అని అడిగాడు. మన నంబర్ ప్లేటే చీటీ అని చెప్పాను. ఆ తర్వాత పెర్త్ వచ్చేదాకా వాచీ చూస్తూ, ప్రతి స్తంభం దగ్గరా నిమిషాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

చిన్నచిన్నవి కొన్ని. "రాత్రి, వానలో చదవలేవు" అంటారు: ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో చదువుతాయి, ఫ్లాష్ కనిపించదు. "బైకులకి వర్తించదు" అంటారు: బ్రిటన్‌లో బైకులకి ముందు ప్లేటు ఉండనక్కర్లేదు, అందుకే వెనకనుంచి చదివే కెమెరాలు కూడా పెడతారు. "పరిమితి మీద పది శాతం, దాని మీద రెండు మైళ్లు దాకా వదిలేస్తారు" అంటారు: అది పోలీసులకి ఉన్న మార్గదర్శకం, మీకు ఉన్న హక్కు కాదు.

అపోహ: మన కదలికలన్నీ దాచుకుంటారు.

ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. జర్మనీలో హానోవర్ దగ్గర బీ6 రోడ్డు మీద 2.2 కిలోమీటర్ల ముక్కలో 2019 జనవరిలో ఇలాంటి కెమెరాలు మొదలుపెట్టారు. రెండు నెలలకే కోర్టు ఆపేసింది, తప్పు చేయనివాళ్ల ప్లేట్లు చదవడానికి చట్టంలో ఆధారం లేదని. రాష్ట్రం చట్టం మార్చాక అదే ఏడాది మళ్లీ నడిచాయి. పరిమితిలో ఉన్న బండి వివరాలు వెంటనే చెరిపేయాలి. ఏ దేశమైనా ఈ క్రమంలోనే చేయాలని నా అభిప్రాయం: ముందు చట్టం, తర్వాత స్తంభం.

అపోహ: మన దేశంలో ఇవి పనిచేయవు.

ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024 నుంచి సగటు వేగం కూడా చూసే వ్యవస్థ నడుస్తోంది. మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం, ఎలక్ట్రానిక్ పరికరానికి ఏటా ధ్రువపత్రం ఉండాలి, ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి. పునాది ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 71 శాతం మరణాలు అతివేగం కిందే నమోదయ్యాయి.

కష్టం వేరేచోట ఉంది. వంగిన ప్లేటు, బురద పూసిన ప్లేటు, దేవుడి బొమ్మ కింద సగం దాగిన అంకె కెమెరాకి అందవు. మధ్యలో పొలాల నుంచి ట్రాక్టర్లు ఎక్కి దిగే రోడ్డు మీద మొదటి కెమెరాకి, చివరి కెమెరాకి రెండింటికీ కనిపించే బండ్లే తక్కువ. ఎక్కే దారులు, దిగే దారులు లెక్కగా ఉన్న ఔటర్ రింగ్ రోడ్ లాంటి చోట, పక్కకి దిగే వీలులేని ఘాట్ రోడ్డు లాంటి చోట ఇది బాగా పనిచేస్తుంది. జంక్షన్లు నిండిన ఊరి రోడ్డుకి వేరే మందు కావాలి: స్పీడ్ బ్రేకర్, చిన్న రౌండబౌట్, వీధి దీపం.

అపోహ: కెమెరా పెట్టేశాం, రోడ్డు పని అయిపోయింది.

ఇది అధికారుల అపోహ, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఏ9నే చూడండి. 2022లో పెర్త్, ఇన్వర్నెస్ మధ్య పదిమందికి పైగా చనిపోయారు. కెమెరాలు పనిచేస్తూనే ఉన్నాయి. ఎదురెదురుగా వచ్చే బండ్ల మధ్య తెల్ల గీత తప్ప ఏమీ లేని రోడ్డు మీద, అలసిన డ్రైవరు పరిమితిలోనే ఉండి అటు జారితే కెమెరా చేసేదేమీ లేదు. రోడ్డుని మొత్తం నాలుగు లేన్లు చేస్తామని 2025 గడువు పెట్టారు. అది ఇప్పుడు 2035కి జరిగింది.

ఈ మధ్యలో మాకు మిగిలింది చిన్న పనులు: కుడివైపు తిరిగే చోట విడి లేన్, గీతలు మళ్లీ వేయడం, "రెండు మైళ్లలో ఒక్కోవైపు రెండు లేన్ల రోడ్డు వస్తోంది" అని చెప్పే బోర్డు. లారీ వెనక ఇరవై నిమిషాలు ఓపిక పట్టినవాడు ఆ బోర్డు చూసి ఇండికేటర్ ఆపేసి వెనక్కి తగ్గడం నేను కళ్లారా చూశాను.