వీఆర్ థెరపీలో గుండె వేగం: ఈ గొడవ ఎక్కడిది?

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) థెరపీలో గుండె వేగం దిగితేనే భయం తగ్గినట్టా? బెంగళూరులో మన తెలుగు ఐటీ వాళ్ల మధ్య ఈ మాట మళ్లీ లేచింది. నలుగురిలో మాట్లాడాలంటే వణుకు పుట్టేవాళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి, ఎదురుగా మీటింగ్ రూమ్ చూపించి మాట్లాడమంటారు, చేతి బ్యాండ్ గుండె వేగాన్ని, వేలి సెన్సర్ చెమటను కొలుస్తుంటాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. "నంబర్ దిగలేదు, మీకింకా తగ్గలేదు" అని థెరపిస్టు అన్నప్పుడే తగాదా.

నన్నడిగితే ఈ గొడవలో అసలు మలుపు 2004. మనస్తత్వ పరిశోధకులు ఐరిస్ మాస్, ఫ్రాంక్ విల్‌హెల్మ్, జేమ్స్ గ్రాస్ కలిసి సోషల్ యాంగ్జైటీ (నలుగురి ముందు కలిగే భయం) ఎక్కువున్నవాళ్లతోనూ తక్కువున్నవాళ్లతోనూ అప్పటికప్పుడు ప్రసంగం చేయించారు. మొదటి గుంపు గుండె దడదడలాడిందని ఎక్కువగా చెప్పుకుంది, కానీ పరికరాల కొలతల్లో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు! అంటే బాధ నిజమే, కానీ అది బ్యాండ్‌కి దొరకదు. పైగా మాట్లాడటమే గుండె వేగాన్ని పెంచుతుంది, సెషన్‌కి ముందు తాగిన కాఫీ సంగతి సరేసరి.

మరి నంబర్ దిగాలన్న పట్టు ఎక్కడిది? భయాన్ని ఎదుర్కొనేలా చేసే చికిత్స గురించి 1986లో మనస్తత్వవేత్తలు ఎడ్నా ఫోవా, మైకేల్ కోజాక్ చెప్పిన సిద్ధాంతంలో భయం ముందు రేగాలి, సెషన్‌లోనే చల్లారాలి, గుండె వేగం దానికో సాక్ష్యం. 2008 నుంచి మరో మనస్తత్వవేత్త మిషెల్ క్రాస్కే బృందం దీన్ని గట్టిగానే ప్రశ్నించింది: సెషన్‌లో భయం తగ్గడాన్ని బట్టి తర్వాత మేలవుతుందో లేదో నమ్మకంగా చెప్పలేం, అనుకున్న అవమానం జరగలేదని మనిషికి తెలియడమే ముఖ్యమని. "భయంగానే ఉంది డాక్టర్ గారూ, అయినా మాట్లాడేశాను" అనే క్లయింట్‌ని ఏ గ్రాఫ్ ఓడిస్తుంది?

మొహమాటానికి "బాగానే ఉంది" అనేవాళ్లను పట్టుకోవడానికి నంబర్ పనికొస్తుందని థెరపిస్టులు అంటారు. అదీ నిజమే.

ఇక డేటా సంగతి. 2011 ఐటీ నిబంధనలు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని సున్నితమైన సమాచారంగా విడిగా పేర్కొన్నాయి. 2023 డేటా రక్షణ చట్టంలో ఆ వర్గమే లేదు, పైగా ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటు 7వ సెక్షన్‌లో ఉంది. థెరపీ ఫీజు ఆఫీసు కడితే నా గుండె గ్రాఫ్ కూడా ఆ అవసరాల్లోకి వస్తుందా అని మనవాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు.